దస్త్రాలు క్లౌడ్‌లో సరే.. భద్రత ఎవరి బాధ్యత?

కొరియా అగ్నిప్రమాదం నుంచి మన కార్యాలయాలు నేర్వవలసిన పాఠాలు

మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయంలో 2024 జులై 21 రాత్రి మంటలు చెలరేగి భూముల దస్త్రాలు కాలిపోయాయి. ఇటువంటి ప్రమాదం జరిగినప్పుడల్లా ఈ కాగితాలన్నీ కంప్యూటర్లలో ఉంటే ఎంత బాగుండేదని అనుకోవడం సహజం. అయితే పద్నాలుగు నెలల అనంతరం, 2025 సెప్టెంబరు 26 రాత్రి, దక్షిణ కొరియాలోని డేజన్ నగరంలో జరిగిన ప్రమాదం ఆ నమ్మకాన్ని కూడా ప్రశ్నించింది. అక్కడ కాలిపోయినవి కాగితాలు కావు. ప్రభుత్వ సర్వర్లు.

సాంకేతిక పరిజ్ఞానంలో ప్రపంచంలోనే ముందు వరుసలో నిలిచే దేశంలో ఒక్క గదిలో పుట్టిన మంట వందలాది ప్రభుత్వ సేవలను స్తంభింపజేసింది. ధ్రువపత్రాలు మొదలుకొని పింఛన్ల వరకు అన్నింటినీ కంప్యూటర్లకు అప్పగిస్తున్న మన రాష్ట్రాలకు ఇది దూరదేశపు వార్త మాత్రమే కాదు.

క్లౌడ్ అంటే ఏమిటి?

పేరు మబ్బు అయినా సమాచారం ఆకాశంలో ఉండదు. ఎక్కడో ఒక పెద్ద భవనంలో, వేలాది సర్వర్ల మధ్య, చల్లటి గదుల్లో ఉంటుంది. కార్యాలయం సొంతంగా సర్వర్లు కొనుగోలు చేయకుండా ఆ భవనంలోని యంత్రాలను అవసరమైనంత మేరకు వాడుకుంటుంది. ఇంటర్నెట్ ద్వారా ఎక్కడి నుంచైనా పని చేసుకోవచ్చు. పరీక్షా ఫలితాల రోజున రద్దీ పెరిగితే ఎక్కువ యంత్రాలు, మరునాడు తక్కువ యంత్రాలు తీసుకోవచ్చు. వాడిన మేరకే ఖర్చు.

గుంటూరు మిర్చి రైతు పంటను శీతల గిడ్డంగిలో దాచడంతో దీనిని పోల్చవచ్చు. గిడ్డంగి యజమాని చల్లదనం తగ్గకుండా చూస్తాడు, గోడలు, విద్యుత్తు, కాపలా ఆయన బాధ్యత. కానీ సరుకు రైతుదే. ఏ బస్తాలు ఎక్కడ ఉన్నాయి, రశీదు ఎవరి చేతిలో ఉంది, బీమా ఉన్నదా లేదా అన్నది రైతు చూసుకోవలసిందే. క్లౌడ్ రంగంలో దీనినే ఉమ్మడి బాధ్యత అంటారు. భవనం, యంత్రాలు, వాటి నిర్వహణ సేవా సంస్థ వంతు. సమాచారం, పాస్‌వర్డ్‌లు, ఎవరికి ఎంత వరకు ప్రవేశం అన్న నిర్ణయం కార్యాలయం వంతు. చాలా ప్రమాదాలు ఈ రెండింటి మధ్య సరిహద్దు తెలియకపోవడం వల్లనే జరుగుతున్నాయి.

డేజన్‌లో ఏం జరిగింది?

డేజన్‌లోని జాతీయ సమాచార వనరుల సేవా సంస్థ కొరియా ప్రభుత్వానికి ప్రధాన డేటా కేంద్రం. విద్యుత్తు పోయినప్పుడు ఆదుకునే లిథియం అయాన్ బ్యాటరీలను అయిదో అంతస్తులోని సర్వర్ల గది నుంచి తరలించే పనులు సాగుతుండగా మంటలు లేచాయి. 384 బ్యాటరీలు దగ్ధమయ్యాయి. మంటలను పూర్తిగా అదుపు చేయడానికి సుమారు 22 గంటలు పట్టింది. గది చల్లబరచే వ్యవస్థ ఆగిపోవడంతో మిగిలిన యంత్రాలనూ నిలిపివేయక తప్పలేదు. 647 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయినట్లు తొలుత ప్రకటించగా, ఆ తరువాత లెక్క 709కి చేరింది. వీటిలో 96 వ్యవస్థలు నేరుగా మంటల బారిన పడ్డాయి. మొబైల్ గుర్తింపు కార్డులు, తపాలా బ్యాంకింగు, ప్రభుత్వ ధ్రువపత్రాల పోర్టల్ వంటివన్నీ దెబ్బతిన్నాయి.

వీటన్నింటినీ మించిన నష్టం జీ-డ్రైవ్ రూపంలో జరిగింది. ప్రభుత్వోద్యోగులు తమ పని దస్త్రాలను దాచుకునే క్లౌడ్ అది. దస్త్రాలను సొంత కంప్యూటర్లలో ఉంచుకోవద్దని, ఒక్కొక్కరికి కేటాయించిన 30 గిగాబైట్ల చోటులోనే దాచుకోవాలని 2018 నుంచి ఉద్యోగులకు సూచించారు. అలా పోగైన 858 టెరాబైట్ల సమాచారం మంటల్లో పోయింది. పరిమాణం చాలా ఎక్కువ కావడం వల్ల దానికి వేరొకచోట బ్యాకప్ ప్రతి ఏర్పాటు చేయలేదన్నది అధికారులు ఇచ్చిన వివరణ. సిబ్బంది నిర్వహణ మంత్రిత్వ శాఖ దస్త్రాలన్నీ అందులోనే ఉంచడంతో అందరికన్నా ఎక్కువగా నష్టపోయింది. ఆమోదం పొందిన అధికారిక పత్రాలు మరొక వ్యవస్థలో కూడా ఉండడమే కొంత ఊరట.

ఇక్కడ గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. 2022 అక్టోబరు 15న పాంగ్యోలోని ఒక ప్రైవేటు డేటా కేంద్రంలో ఇదే విధంగా బ్యాటరీల వద్ద మంటలు లేచి కకావో సందేశ సేవలు నిలిచిపోయాయి. అప్పుడు ఆ సంస్థకు తగిన ప్రత్యామ్నాయ ఏర్పాట్లు లేవని విమర్శలు వెల్లువెత్తాయి. ప్రైవేటు సంస్థలకు నిబంధనలు కఠినం చేసిన ప్రభుత్వం, మూడేళ్ల తరువాత తన సొంత ఇంట్లో అదే లోపంతో దొరికిపోయింది.

ఎయిమ్స్‌ను ఆదుకున్న బ్యాకప్

మన దేశంలో ఇందుకు భిన్నమైన అనుభవం ఉంది. 2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రి సర్వర్లపై సైబర్ దాడి జరిగింది. అయిదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల సమాచారాన్ని దుండగులు ఎవరూ తెరవలేని విధంగా మార్చివేశారు. రోగుల నమోదు, పరీక్షల నివేదికలు, చీటీలు అన్నీ రోజుల తరబడి చేతిరాతతోనే నడిచాయి. ఆసుపత్రి నెట్‌వర్క్‌ను విభాగాలుగా సరిగా వేరు చేయకపోవడం ఈ దాడికి కారణమని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది.

అయితే దాడికి గురికాని ఒక బ్యాకప్ సర్వరు మిగిలి ఉండడంతో ఈ-హాస్పిటల్ సమాచారాన్ని దాని నుంచి తిరిగి తెచ్చుకోగలిగారు. కొరియాలో ప్రమాదవశాత్తు రేగిన మంట శాశ్వత నష్టం మిగిల్చగా, ఢిల్లీలో శత్రువు పనిగట్టుకొని చేసిన దాడి నుంచి సమాచారం తిరిగి దక్కింది. తేడా అంతా వేరుగా ఉంచిన ఒక్క ప్రతిలోనే ఉంది.

తలుపు తెరిచి ఉంచితే..

క్లౌడ్‌లో జరిగే నష్టాలన్నీ మంటల వల్లనో, ఆరితేరిన దొంగల వల్లనో కలిగేవి కావు. తాళం వేయడం మరచిపోవడమే ఎక్కువసార్లు కారణమవుతుంది. 2016 ఏప్రిల్‌లో మెక్సికోకు చెందిన 9.34 కోట్ల మంది ఓటర్ల వివరాలు అమెజాన్ క్లౌడ్‌లో పాస్‌వర్డ్ కూడా లేకుండా దర్శనమిచ్చాయి. ఎన్నికల సంస్థ ఒక రాజకీయ పార్టీకి ఇచ్చిన ప్రతి అది. క్లౌడ్ సంస్థ సర్వర్లను ఎవరూ ఛేదించలేదు. సమాచారం ఉంచినవారే తలుపు తెరిచి ఉంచారు.

క్లౌడ్‌తో సంబంధం లేకపోయినా ఇదే తరహా అజాగ్రత్త మన వద్ద కూడా వెలుగు చూసింది. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్షా ముప్పై వేల మందికి పైగా లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు అందరికీ కనిపించేలా ఉన్నట్లు బయటపడింది. పారదర్శకత పేరిట జాబితాలు ప్రచురించడం వేరు, పేదల వ్యక్తిగత వివరాలను వీధిన పెట్టడం వేరు.

తాళంచెవి సేవా సంస్థ వద్దనే పోతే?

కార్యాలయం తన వంతు జాగ్రత్తలన్నీ తీసుకున్నా సేవా సంస్థ లోపం వల్ల ముప్పు రావచ్చు. 2023లో చైనాకు చెందిన హ్యాకర్లు మైక్రోసాఫ్ట్ సంస్థకు చెందిన ఒక సంకేత తాళంచెవిని సంపాదించి, దాని సాయంతో అమెరికా విదేశాంగ శాఖ సహా పలు సంస్థల ఈమెయిళ్లను చదివారు. విదేశాంగ శాఖ నుంచే సుమారు 60 వేల మెయిళ్లు వారి చేతికి చిక్కాయి. ఆ తాళంచెవి 2016లో తయారైనది, ఎప్పుడో పక్కన పెట్టవలసినది. ఇది నివారించదగిన ఘటనేనని అమెరికా ప్రభుత్వ సమీక్షా మండలి 2024 ఏప్రిల్‌లో తేల్చింది.

ఈ చోరీని తొలుత పసిగట్టింది మైక్రోసాఫ్ట్ కాదు, విదేశాంగ శాఖే. ఎవరు ఎప్పుడు ఏ మెయిల్ తెరిచారో నమోదు చేసే లాగ్ సదుపాయాన్ని ఆ శాఖ అదనపు రుసుము చెల్లించి తీసుకున్నందువల్లనే అది సాధ్యమైంది. ఆ రుసుము చెల్లించని సంస్థలకు తమ ఇంట్లో దొంగ తిరుగుతున్న సంగతి తెలిసే మార్గమే లేకపోయింది. విమర్శలు రావడంతో ముఖ్యమైన లాగ్‌లను ఉచితంగానే అందిస్తామని ఆ సంస్థ ప్రకటించవలసి వచ్చింది. తక్కువ ధర చూసి ఒప్పందంపై సంతకం చేసే కార్యాలయాలు, ఆ ధరలో ఏవి లేవో కూడా చూడాలని ఈ ఉదంతం చెబుతోంది.

మన వద్ద వ్యవస్థ ఎలా ఉంది?

రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో 1998లో వచ్చిన కార్డ్ పథకం, 2011లో మొదలైన మీసేవ, ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న 161 సేవలతో ఆరంభమైన మన మిత్ర వాట్సప్ పాలన.. ఒక్కొక్క మెట్టుతో పౌరునికి ప్రయాణభారం తగ్గింది. అదే సమయంలో ఒక్క వ్యవస్థ ఆగితే ఇబ్బంది పడేవారి సంఖ్య పెరిగింది.

ప్రభుత్వ శాఖల కోసం కేంద్రం మేఘరాజ్ పేరిట క్లౌడ్ విధానాన్ని రూపొందించింది. ఇందులో భాగంగా జాతీయ సమాచార కేంద్రం క్లౌడ్ 2014 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. ఆ సంస్థకు హైదరాబాద్‌తో పాటు ఢిల్లీ, పుణె, భువనేశ్వర్‌లలో డేటా కేంద్రాలు ఉన్నాయి. ప్రైవేటు క్లౌడ్ తీసుకోదలిస్తే కేంద్ర ఐటీ శాఖ జాబితాలో చేర్చిన, తనిఖీ పూర్తయిన సంస్థల నుంచే తీసుకోవాలి. సమాచారం దేశం లోపలే ఉండాలి.

సైబర్ ఘటన జరిగినట్లు గుర్తించిన 6 గంటల లోపు సెర్ట్-ఇన్ సంస్థకు తెలపాలని, లాగ్‌లను 180 రోజుల పాటు భద్రపరచాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు చెబుతున్నాయి. ఇవి ప్రభుత్వ సంస్థలకు కూడా వర్తిస్తాయి. ప్రభుత్వ కార్యాలయాలు పాటించవలసిన భద్రతా పద్ధతులపై అదే సంస్థ 2023 జూన్‌లో మార్గదర్శకాలు విడుదల చేసింది. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం రాగా, 2025 నవంబరులో నియమావళి వెలువడింది. రక్షణ చర్యలు తీసుకోనందుకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే వీలు ఈ చట్టంలో ఉంది.

నిబంధనలకు కొరత లేదు. వాటిని మండల స్థాయి కార్యాలయం వరకు తీసుకువెళ్లడమే సమస్య. ఒకే పాస్‌వర్డ్‌ను కార్యాలయంలో నలుగురు వాడుకోవడం, దానిని కాగితంపై రాసి తెరకు అంటించడం, బదిలీ అయిన ఉద్యోగి ఖాతా నెలల తరబడి తెరిచే ఉండడం, పొరుగు సేవల సిబ్బందికి అధికారి లాగిన్ అప్పగించడం వంటి అలవాట్లు ఉన్నచోట ఎంత పటిష్ఠమైన క్లౌడ్ అయినా నిష్ప్రయోజనమే.

కార్యాలయాలు ఏం చేయాలి?

మొదటిది, ముఖ్యమైన సమాచారానికి మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు భిన్నమైన సాధనాల్లో ఉండాలి. వాటిలో ఒకటి వేరే ఊరిలో ఉండాలి. ఒకే భవనంలో ఉన్న పది ప్రతులు మంట ముందు ఒక్కటితో సమానం. ఒక ప్రతి నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా ఉంటే హ్యాకర్లకూ అందదు.

రెండవది, బ్యాకప్ ఉన్నదనుకొని ఊరుకోరాదు. కనీసం ఏడాదికి ఒకసారైనా దాని నుంచి సమాచారాన్ని తిరిగి తెచ్చి చూడాలి. సేవ ఎన్ని గంటల్లో పునరుద్ధరణ కావాలి, ఎంత సేపటి సమాచారం పోయినా తట్టుకోగలం అన్న రెండు అంకెలు ప్రతి శాఖ వద్ద రాతపూర్వకంగా ఉండాలి.

మూడవది, ప్రతి ఉద్యోగికి వేరు ఖాతా, పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కు వచ్చే రెండో ధ్రువీకరణ ఉండాలి. బదిలీ ఉత్తర్వు వెలువడిన రోజే పాత ప్రవేశం రద్దు కావాలి.

నాలుగవది, ఒప్పందంలో లాగ్‌లు, బ్యాకప్, తనిఖీ హక్కు, గడువు ముగిసినప్పుడు సమాచారాన్ని తిరిగి అప్పగించి తమ వద్ద ఉన్నది చెరిపివేయడం వంటి షరతులు స్పష్టంగా ఉండాలి.

అయిదవది, యంత్రాలు ఆగిన రోజున పని ఎలా సాగాలో ముందే నిర్ణయించాలి. ఆసుపత్రి చీటీ, రేషన్ పంపిణీ, పింఛను చెల్లింపు ఆగరాదు. చేతితో రాసిన వివరాలను తరువాత కంప్యూటరులోకి ఎక్కించే విధానం సిబ్బందికి తెలిసి ఉండాలి.

వెనక్కి వెళ్లడం పరిష్కారం కాదు

ఇన్ని ముప్పులున్నాయి కనుక క్లౌడ్ వద్దనడం సరికాదు. 2022 ఫిబ్రవరిలో రష్యా దండెత్తడానికి కొద్ది రోజుల ముందే ఉక్రెయిన్ పార్లమెంటు చట్టాన్ని సవరించి, ప్రభుత్వ సమాచారాన్ని క్లౌడ్‌కు తరలించడానికి అనుమతించింది. యుద్ధం తొలి రోజుల్లోనే ఒక ప్రభుత్వ డేటా కేంద్రం క్షిపణి దాడికి గురైనా, సమాచారం అప్పటికే దేశం వెలుపల భద్రంగా ఉండడంతో పాలన ఆగలేదు. సొంత భవనంలో ఉన్న సర్వరు కన్నా దూరాన ఉన్న క్లౌడే అక్కడ రక్షణగా నిలిచింది.

ఉక్రెయిన్‌లో నిలబెట్టినదీ, కొరియాలో లోపించినదీ ఒక్కటే.. సమాచారం ఒకేచోట ఉండరాదన్న ముందుచూపు. మండల కార్యాలయానికి వచ్చే వృద్ధురాలికి సర్వరు ఎక్కడ ఉందో తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. తన పేరు, తన పొలం సర్వే నంబరు, తన పింఛను ఖాతా రేపు కూడా అక్కడే ఉంటాయన్న భరోసా ఆమెకు కావాలి. ఆ వివరాల రెండో ప్రతి ఎక్కడ ఉంది, దానిని చివరిసారిగా ఎప్పుడు పరీక్షించారు అన్న రెండు ప్రశ్నలకు ప్రతి శాఖాధిపతి వద్ద సమాధానం సిద్ధంగా ఉండాలి.