బండిని ఊడదీసి దాటిన బందరు బాట

గోల్కొండ కోట నుంచి మచిలీపట్నం రేవుకు పోయే వర్తకుల దారి ఒకప్పుడు హైదరాబాద్ పాతబస్తీ మీదుగానే సాగేది. ఈనాడు వ్యానులోనే పడక, పొయ్యి, నీళ్లడ్రమ్ము అమర్చుకుని ఒంటరిగా సముద్రతీరం చూడబోయేవారికి ఆ దారి కష్టమైనది కాదు. చార్మినార్ నుంచి బయలుదేరి 65వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే సూర్యాపేట, విజయవాడల మీదుగా బందరు వస్తుంది. అక్కడ 216వ నంబరు రహదారి ఎక్కితే తీరప్రాంతం మీదుగా ఉత్తరాన కాకినాడకు, దక్షిణాన బాపట్ల, చీరాల దాటి ఒంగోలుకు పోవచ్చు.

17వ శతాబ్దంలో ఇదే సీమలో సొంత బండితో తిరగబోయిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్‌కు దారి ఇంత సుఖంగా దొరకలేదు. గోల్కొండ నుంచి బందరుకు తిన్నని దారిలో 100 కోసులని, కొల్లూరు వజ్రాల గని మీదుగా అయితే 112 కోసులని ఆయన లెక్క రాసుకున్నాడు. కొండలు, చెరువులు, ఏళ్లు అడ్డుపడటంతో గనులకు పోయేటప్పుడు తన చిన్న బండిని చాలాచోట్ల ఊడదీసి, అవతలికి చేర్చి, మళ్లీ బిగించుకోవలసి వచ్చింది. సరుకులకు పెరికె ఎద్దులు, కలిగినవారికి పల్లకీలే ఆనాడు దిక్కు.

అలాగని ఇక్కడివారికి చక్రం తెలియక కాదు. పాతబస్తీలో మక్కా మసీదు కడుతున్న రోజుల్లో అందులోని ఒక పెద్దరాయిని తొలవడానికి 500, 600 మంది అయిదేళ్లు పనిచేశారనీ, చక్రాల వాహనం మీద 1,400 ఎద్దులు దాన్ని లాగాయనీ జనం చెప్పగా విన్నట్టు టావెర్నియరే రాశాడు. రాజు తలచుకుంటే రాయి కదిలింది. బాటసారికి మాత్రం బాట లేదు.

మోసినవారు ఎవరు?

1652 జూలైలో ఆయన ఓడలో బందరు రేవులో దిగాడు. అక్కడి నుంచి పల్లకీలో దక్షిణంగా పులికాట్, మద్రాసు మీదుగా సాగి గండికోటలో మీర్ జుమ్లాను కలుసుకున్నాడు. పల్లకీ బోయీలకు ఆనాటి కూలి నెలకు 4 రూపాయలు. ప్రయాణం 60 రోజులు మించితే 5 రూపాయలు.

పులికాట్ తీరంలో మంచినీళ్ల సంగతి కూడా ఆయన రాశాడు. సముద్రం పూర్తిగా వెనక్కి తగ్గినప్పుడు ఊరివారు కుండలు తీసుకుపోయి, నీటి అంచునే ఇసుకలో చెలమలు తవ్వి తియ్యటి నీళ్లు తెచ్చుకునేవారట. ఉప్పు సముద్రం పక్కన మంచినీళ్లు ఎక్కడ ఊరేదీ దేశాలు తిరిగిన వర్తకుడికి తెలియదు. ఊరివారికి తెలుసు.

గాలిని నమ్మరాదు

నేటి వ్యాను ప్రయాణికుడికి బోయీలు అక్కరలేదు. కాని తీరంలో గాలి సంగతి ఊరివారినే అడగాలి. ఎత్తయిన వ్యానును పక్కగాలి తోసివేస్తుంది. వంతెనల మీద, చెట్లు లేని గట్ల మీద వేగం తగ్గించాలి. రాత్రిపూట ఇసుక మీద, సముద్రపు అంచున బండి ఆపరాదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, మే నెలలోను తుపానుల భయం హెచ్చు. ఆ రోజుల్లో వాతావరణశాఖ హెచ్చరిక వినకుండా బయలుదేరడం ప్రాణాలతో చెలగాటం.

1864 నవంబరులో వచ్చిన ఉప్పెన బందరు ప్రాంతంలో సుమారు 30 వేలమందిని పొట్టన పెట్టుకుంది. 1977 నవంబరు 19న దివిసీమలో వేలాది ప్రాణాలు పోయాయి. ఆ రాత్రి గట్టి భవనాల్లోకి చేరినవారు అనేకులు బతికి బయటపడ్డారు. తుపాను గాలికి వ్యాను రేకు ఆగదు. తుపాను షెల్టరు ఎక్కడున్నదీ బండి ఆపిన ఊళ్లోనే ముందుగా అడిగి తెలుసుకోవాలి.

తీరగ్రామాల వారు కూడా ఇది గమనించాలి. ఒంటరి వ్యాను ఊరిబయట ఆగితే మంచినీళ్ల పంపుతోపాటు షెల్టరు దారి కూడా చూపించడం మేలు. కొత్తవారికి ఆకాశం రంగు చూసి గాలి పోకడ చెప్పడం రాదు.