నెలకు వంద రూపాయలు ఎక్కడికి వెళ్తాయి?

1979లో బొంబాయిలో రిప్పన్ కపూర్ అనే యువకుడు ఆరుగురు స్నేహితులను ఇంటికి పిలిచాడు. విమానంలో పర్సర్‌గా పనిచేసేవాడు. వాళ్లమ్మగారి భోజనాల బల్ల చుట్టూ కూర్చుని ఏడుగురూ పోగుచేసిన సొమ్ము 50 రూపాయలు. పిల్లల కోసం పనిచేసే ‘క్రై’ సంస్థకు అదే మొదటి పెట్టుబడి. తర్వాత వాళ్లు గ్రీటింగ్ కార్డులు అమ్మారు. కొత్త సంవత్సరానికి కార్డులు పంపుకున్న తరానికి ఆ పేరు గుర్తుండే ఉంటుంది. కపూర్ 1994లో, నిండా నలభై ఏళ్లకే కన్నుమూశాడు. సంస్థ మాత్రం ఆగలేదు. అది మొదటినుంచీ సొంతంగా బడులు పెట్టి నడపకుండా, ఊళ్లలో పనిచేసే చిన్న సంస్థలకు డబ్బు అందించే దారి ఎంచుకుంది.

ఆ డబ్బు ఊరికి చేరాక ఏం చేస్తుందన్నది మనకు సరిగా కనబడదు. అందుకే చాలామందికి ఒక సంకోచం. ‘నేనిచ్చే వందకు ఒక జత బడి బట్టలైనా రావు కదా’ అని. నిజమే, రావు. అయితే కష్టంలో ఉన్న ఇంటికి అన్నిటికంటే ముందు కావలసింది బట్టలు కాదు.

పాలమూరు వైపు ఒక ఇల్లు ఊహించుకోండి. తండ్రి పోయాడు. తల్లి కూలికి వెళ్తుంది. పెద్దపిల్లకు పదకొండేళ్లు, చిన్నవాడికి నాలుగు. అప్పు తీరే దారి కనబడని రోజున గుంపు మేస్త్రీ వచ్చి అడ్వాన్సు చేతిలో పెడతాడు. తల్లి ఇటుక బట్టీకి వెళ్లాలి. తమ్ముణ్ణి చూసుకోవడానికి పెద్దపిల్ల ఇంట్లో ఉండాలి, లేదా తల్లితోపాటు బట్టీకి పోవాలి. ఆ ఇంట్లో ఎవరూ ‘పిల్లను బడి మాన్పిద్దాం’ అని నిర్ణయించలేదు. పది రోజులు వెళ్లలేదు, తర్వాత నెల, తర్వాత టీచరు ఏమంటారోనని భయం. అంతే, చదువు ఆగిపోతుంది.

ఆ పది రోజుల్లో గడప తొక్కి అడిగే మనిషి ఒకరుంటే కథ మారుతుంది. ఆ మనిషికి తెలిసిన సంగతులు తల్లికి తెలియవు. విద్యాహక్కు చట్టం 2010 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను పుట్టిన తేదీ కాగితం లేదని బడిలో చేర్చుకోకుండా పంపేయకూడదు. చదువు మధ్యలో ఆగిన పిల్లను వయసుకు తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టాలి. ఇంకో సంగతి మరీ ముఖ్యం. కేంద్రం, రాష్ట్రాలు కలిసి అమలుచేసే మిషన్ వాత్సల్య పథకం కింద, భర్త పోయిన తల్లి దగ్గర పెరిగే పిల్లలకు నెలకు 4,000 రూపాయల సాయం పొందే వీలుంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 రూపాయలు మించకూడదు. వీలుందనే గానీ, మరణ ధ్రువపత్రం కావాలి, ఆదాయ ధ్రువపత్రం కావాలి, బ్యాంకు ఖాతా కావాలి, జిల్లా బాలల పరిరక్షణ విభాగం దాకా వెళ్లాలి. ఒక్కో కాగితానికీ ఒక్కో రోజు కూలి పోతుంది. రెండో కాగితం దగ్గరే ఆ తల్లి ఆగిపోతుంది. అందులో ఆమె తప్పేమీ లేదు.

ఇప్పుడు ఒక లెక్క వేసి చూద్దాం. రెండు వందల మంది నెలకు వంద చొప్పున ఇస్తే 20,000. అలా గడప తొక్కే ఒక కార్యకర్త జీతం, బస్సు చార్జీలు, జిరాక్సు ఖర్చులు కలిపి అంతే అవుతాయనుకుందాం. ఏడాదికి 2,40,000. ఆ కార్యకర్త ఏడాదంతా తిరిగి అయిదుగురు పిల్లలకు ఆ సాయం మంజూరు చేయించినా, ఒక్కొక్కరికి 48,000 చొప్పున వచ్చేది సరిగ్గా 2,40,000. దరఖాస్తు పెట్టిన ప్రతి ఇంటికీ మంజూరు కాదు, నిజమే. కానీ అదే మనిషి బడికి తిరిగి చేర్పించిన పిల్లలు, చేయించిన రేషన్ కార్డులు, ఇప్పించిన వితంతు పింఛన్లు ఈ లెక్కలో లేనేలేవు. చిన్న విరాళం చేసే పెద్ద పని ఇదే. అప్పటికే ప్రభుత్వం దగ్గర పేదల పేరిట ఉన్న సొమ్ముకు అది దారి తెరుస్తుంది.

అందుకే ‘విరాళంలో జీతాలకెంత పోయింది?’ అని నిలదీసేవాళ్లను చూస్తే నాకు మనసు కష్టమవుతుంది. వృథా ఖర్చును అడగాల్సిందే. కానీ ఎర్రటి ఎండలో తండాలకు నడిచి వెళ్లే మనిషి జీతం వృథా కాదు. ఆ ఇంటికి అందే సాయం ఆ మనిషే. పుస్తకాల కట్ట ఒకసారి ఇచ్చి ఫొటో తీయించుకోవచ్చు. నాగా పడ్డ పిల్ల ఇంటికి ఆరోసారి వెళ్లడాన్ని ఎవరు ఫొటో తీస్తారు?

రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నడిపిన ఎం.వి. ఫౌండేషన్ అనుభవం ఇక్కడ తలచుకోవాలి. పేద తల్లిదండ్రులకు చదువు మీద ఆసక్తి లేదన్న మాటను వాళ్లు ఒప్పుకోలేదు. ఊరినంతా కూడగట్టి, పనిలో ఉన్న పిల్లలను శిబిరాల్లో ఉంచి చదువు అందించి, మామూలు బడుల్లో చేర్పించారు. ఆ కృషికే 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం వచ్చింది. ఆ పనంతా మనుషుల మీదే నడిచింది.

చిన్న మొత్తానికి ఇంకో బలముంది, అది ప్రతినెలా రావడం. ఒక పెద్దమనిషి ఇచ్చే రెండు లక్షల మీద నడిచే పని, ఆయన మనసు మారితే ఆగిపోతుంది. రెండు వందల మందిలో పదిమంది తప్పుకున్నా నూట తొంభై మంది మిగులుతారు. వచ్చే జూన్ దాకా జీతం ఇవ్వగలమన్న నమ్మకం ఉంటేనే సంస్థ ఒక మనిషిని పెట్టుకోగలదు.

మనలో చాలామంది పుట్టినరోజున అనాథాశ్రమంలో భోజనాలు పెట్టిస్తారు. మంచి మనసే. అయితే అక్కడి పంక్తిలో కూర్చున్న పిల్లల్లో తల్లో తండ్రో బతికే ఉన్నవాళ్లూ ఉంటారు. ఇల్లు గడవక కన్నవాళ్లే తెచ్చి వదిలిన పిల్లలు. ఆశ్రమం చివరి దారి మాత్రమే కావాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతుంది. ఆ భోజనం ఖర్చును పన్నెండు నెలలకు పంచి, ఇళ్ల దగ్గరే పిల్లలను నిలబెట్టే సంస్థకు ఇవ్వవచ్చు కదా అనిపిస్తుంది.

ఇచ్చే ముందు సంస్థ రిజిస్ట్రేషన్, ఆడిట్ అయిన లెక్కలు, వార్షిక నివేదిక అడగండి. అడిగితే ముఖం మాడ్చుకునేవాళ్లకు ఇవ్వక్కర్లేదు. నగదుగా 2,000 రూపాయలు దాటి ఇచ్చినదానికి పన్ను మినహాయింపు రాదు. యూపీఐ ఆటోపే పెట్టుకుంటే మీరు మరిచిపోయినా నెలనెలా కట్ అవుతుంది. ఒక ప్రశ్న మాత్రం తప్పక అడగండి. మేస్త్రీలు అడ్వాన్సులు పంచే రోజుల్లో మీ కార్యకర్త ఏ ఊళ్లో ఉంటారని.