చీమిడి, గళ్ల మన శత్రువులు కావు



షెడ్డు కడిగి మందు కొట్టే రోజులు వస్తే మన గ్రూపులో ఒకే మాట వినిపిస్తుంది: "దగ్గు పోలేదు, గళ్ల పడుతూనే ఉంది, ఏం చేసేది?" అని. నాకూ అదే అయింది. అందుకే ఈసారి చీమిడి, గళ్ల గురించి రాస్తున్నాను. నవ్వొద్దు. చివరిదాకా చదివితే గూడు రేటు సంగతి కూడా ఇందులోనే ఉంది.

నాకు జరిగింది

మూడేండ్ల కింద ఒక పంట మొత్తం పాలరోగంతో పోయింది. మా పక్క హాలు తొండె అంటారు. ఆ కోపంలో తరువాతి పంటకు ముందు బ్లీచింగు పౌడరు కొలత చూడకుండా జాస్తిగా కలిపినాను. తలుపులు, కిటికీలు మూసి, మూతికి ఏమీ కట్టకుండా లోపల నిలబడి స్ప్రే కొట్టినాను. ఆ రాత్రే ముక్కు మంట, కళ్ల నీళ్లు. నాలుగు రోజులకు గళ్ల మొదలైంది. "ఇది ఆరిపోతే చాలు" అని మెడికల్ షాపులో జలుబు మాత్రలు తెచ్చి మింగినాను. ముక్కు ఆరింది కానీ దగ్గు ఇంకా ఎక్కువైంది, ఛాతీలో పిల్లికూతలు. నెల తరువాత డాక్టరు దగ్గరికి పోతే ఆయన అన్న మాట: "గళ్ల నీ జబ్బు కాదప్పా. అది నీ కాపలా. నువ్వు దాన్ని ఎండబెట్టినావు." ఆ మాట అప్పుడు అర్థం కాలేదు. తరువాత అడిగి, చదివి తెలుసుకున్నది రాస్తున్నాను.

ఈ జిగురులో ఏముంది?

నూటికి 95 పాళ్లు నీళ్లే. మిగిలిన కొంచెంలో మ్యూసిన్ అనే ప్రోటీను, ఉప్పు, క్రిములను చంపే పదార్థాలు ఉంటాయి. సబ్జా గింజలు నీళ్లలో వేస్తే చుట్టూ జిగురు ఉబ్బుతుంది కదా, మ్యూసిన్ కూడా అట్లాగే నీళ్లను పట్టుకొని ఉబ్బుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా ముక్కులో, గొంతులో, ఊపిరి గొట్టాలలో రోజుకు సుమారు ఒక లీటరు తయారవుతుంది. మనకు తెలియకుండానే మింగేస్తాం.

ఊపిరి గొట్టాల లోపల కంటికి కనబడని సన్న వెంట్రుకలు ఉంటాయి. సెకండుకు 10 సార్లకు పైగా కొట్టుకుంటూ జిగురును గొంతు వైపు నెట్టుతాయి. మనం పీల్చిన దుమ్ము, క్రిములు ఆ జిగురుకు అంటుకొని పైకి వస్తాయి. మింగితే కడుపులోని ఆమ్లం చాలా క్రిములను చంపుతుంది.

ఈ పని జరగాలంటే జిగురులో తడి సరిగ్గా ఉండాలి. మరీ పలచనైతే కారిపోతుంది. గట్టిపడితే వెంట్రుకలు దాన్ని కదిలించలేవు, అక్కడే నిలిచి క్రిములకు ఇల్లవుతుంది. బీడీ పొగ, క్లోరిన్ ఘాటు ఆ వెంట్రుకలనే దెబ్బతీస్తాయి. అప్పుడు గళ్లను బయటికి తెచ్చేదానికి దగ్గు ఒక్కటే దారి.

కడుపులోనూ ఇదే కాపలా. మాంసాన్నే అరిగించే ఆమ్లం మన కడుపు గోడను తినకుండా జిగురు పొర అడ్డం ఉంటుంది. ఆకు కోసి నడుం నొస్తే పరగడుపున నొప్పి మాత్ర వేసుకుంటాం కదా, చాలా నొప్పి మాత్రలు ఆ పొరను పలచన చేస్తాయి. అల్సర్ వచ్చే దారుల్లో ఇదొకటి.

ఇంకొక సంగతి. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ అంతకు ముందే, 1921లో, తనకు జలుబు చేస్తే ఆ చీమిడిని క్రిములు పెరిగే గాజు పళ్లెంలో వేసి చూసినాడు. చీమిడి దగ్గర క్రిములు కరిగిపోయినాయి. అందులోని పదార్థానికి లైసోజైమ్ అని పేరు పెట్టినారు. మన కన్నీళ్లలో, ఎంగిలిలో కూడా అది ఉంటుంది.

మన తోటలో చూడండి

నత్త జిగురు మీదనే నడుస్తుంది. ఎండాకాలం వస్తే గుల్ల మూతిని ఆ జిగురుతోనే మూసుకొని పడుకుంటుంది. వానపాము చర్మంతోనే ఊపిరి తీస్తుంది, ఆ చర్మం తడిగా ఉండేది జిగురు వల్లనే. కొర్రమీను చేతిలో జారేది కూడా అందుకే. దానికి అది క్రిములు అంటకుండా కవచం.

పురుగు సంగతి

పట్టుపురుగు కడుపులో మనలాంటి జిగురు కాకుండా, తిన్న ఆకు చుట్టూ ఒక సన్న పొర ఉంటుంది. ఆకుతో పోయిన రోగం నేరుగా పేగు గోడను తాకకుండా అది కాపాడుతుంది. జ్వరం నుంచి అప్పుడే లేచిన పురుగుకు రోగం సులభంగా తగులుతుంది. అందుకే లేచినాక విజేత పౌడరు చల్లి, అరగంట ఆగి ఆకు వేయమంటారు.

ఇప్పుడు గూడు. పురుగు నోట్లోనుంచి వచ్చే రెండు పోగులను కలిపి పట్టేది సెరిసిన్ అనే జిగురు. పట్టులో దాదాపు నాలుగో వంతు అదే. చంద్రికల దగ్గర గాలి ఆడక తేమ ఎక్కువైతే ఆ జిగురు ఆలస్యంగా ఆరి, పోగులు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుంటాయి. వేడి నీళ్లలో వేసినా దారం సరిగ్గా విడవదు, తెగుతుంది. రీలరు రేటు తగ్గిస్తాడు. గూడు కట్టేటప్పుడు 24, 25 డిగ్రీల వేడి, 60 నుంచి 70 శాతం తేమ, గాలి ఉండేలా చూసుకోండి. అక్కడ కూడా తడి సరిగ్గా ఉండడమే పని.

మనం చేయవలసింది

1. బ్లీచింగు కొలత ప్రకారమే కలపండి. ఆసిడ్‌తో ఎప్పుడూ కలపొద్దు, విషగాలి వస్తుంది.

2. తలుపులు తెరిచి కొట్టండి. మూయవలసి వస్తే బయటికి వచ్చినాక మూయండి. మరుసటి రోజు తెరిచి, గాలి ఆడినాకే లోపలికి పోండి.

3. సున్నం, విజేత చల్లేటప్పుడు ఎన్95 మాస్కు కట్టుకోండి. అది దుమ్మును ఆపుతుంది కానీ క్లోరిన్, ఫార్మలిన్ ఘాటును ఆపదు. వాటికి గ్యాసు మాస్కే కావాలి. టవలును నమ్ముకోవద్దు.

4. గళ్ల పడుతుంటే నీళ్లు బాగా తాగండి. ఎండబెట్టే మాత్రలు మీకు మీరే వేసుకోవద్దు.

5. దగ్గు రెండు వారాలు దాటినా, గళ్లలో రక్తం కనబడినా ప్రభుత్వ ఆసుపత్రికి పోండి. గళ్ల పరీక్ష ఉచితం. టీబీ ఉంటే దాంట్లోనే తెలుస్తుంది. సిగ్గుపడేది ఏమీ లేదు.

రీలింగు బేసిన్ల దగ్గర, గుడ్లు తీసే కేంద్రాలలో పనిచేసే అక్కలకు ఈ సంగతి తప్పక చెప్పండి. పట్టు జిగురు, చిటుకల రెక్కల పొడి పడక ఆయాసం వచ్చేవాళ్లు వాళ్లలోనే ఎక్కువ.

నాకు ఇప్పుడు దగ్గు తగ్గింది. అయితే ఘాటు వాసన వస్తే ఈ రోజుకూ ఛాతీ పట్టేస్తుంది. పోయిన పంట మూడు నెలల్లో తిరిగి వచ్చింది, ఛాతీ మాత్రం మూడేండ్లయినా మునుపటిలా కాలేదు. మీరు అంత దూరం పోవద్దు.

మీకు జరిగింది ఏమైనా ఉంటే వాయిస్ మెసేజ్ పెట్టండి.

ఇట్లు,
శిడ్లఘట్ట పక్క ఒక పట్టు రైతు