తిరుగు ప్రయాణం

ఆషాఢమాసంలో అమ్మవారు పుట్టింటికి విచ్చేస్తారని తెలంగాణ ప్రజల విశ్వాసం. హైదరాబాదు పాతబస్తీలో, శాలిబండ సమీపాన గల హరిబౌలిలో, గోల్కొండ మంత్రులైన అక్కన్న మాదన్నల పేరిట ప్రసిద్ధమైన మహంకాళి దేవాలయం ఉంది. బోనాల ఆదివారంనాడు ఆడపడుచులు, బంధుమిత్రులు ఇక్కడి ఇండ్లకు చేరుకుంటారు. మరునాడు భవిష్యవాణి వినిపించే రంగం జరుగుతుంది. పిదప అమ్మవారి ఘటం ఏనుగుపై చార్మినార్ మీదుగా నయాపూల్ చేరి, మూసీలో నిమజ్జనమవుతుంది.

దేవతకైనా పుట్టింట శాశ్వతవాసం లేదు. అతిథులూ అట్లే స్వస్థలాలకు మరలుతారు. ఆత్మీయులను వీడివచ్చిన వారికి తొలిదినం సొంత ఇల్లే బోసిపోయినట్లు తోస్తుంది. అయినా పొయ్యి వెలిగించాలి, దుకాణం తెరవాలి, పిల్లలను బడికి పంపాలి. ఆ పనుల నడుమ మిత్రుల మాటలు జ్ఞప్తికి వచ్చి శ్రమను తేలిక చేస్తాయి. 2014లో రాష్ట్ర పండుగగా గుర్తింపు పొందిన బోనాలు రాకతోపాటు వీడ్కోలునూ ఉత్సవంగా జరుపుకోవడం నేర్పుతాయి.