అడగని అనుబంధ ప్రశ్న

పార్లమెంటులో ప్రశ్నోత్తరాల సమయాన్ని చూసినవారు ఒక సంగతి ఎరుగుదురు. అసలు ప్రశ్నకు మంత్రిగారి సమాధానం ముందే అచ్చయి బల్ల మీద ఉంటుంది. ఆయనకు నిజమైన పరీక్ష దాని వెంట వచ్చే అనుబంధ ప్రశ్న. అది తోచాలంటే అడిగేవారికి విషయం తెలిసి ఉండాలి. ఈ నియమం సభ్యులకే కాక, పైన గ్యాలరీలో కూర్చుని రాసుకునే మా బోటి విలేకరులకూ వర్తిస్తుందని గడచిన ఆదివారం గురుగ్రామ్‌లో మరొకసారి బోధపడింది.

నేను అక్కడికి వెళ్లింది ఒక సిఫారసు లేఖ విషయమై. తెలుగు పత్రికలలో ఆరోగ్య విషయాలు రాసే గుంటూరు అమ్మాయి ఒకరు, భర్త ఉద్యోగరీత్యా అక్కడ కాపురముంటున్నారు. ఊపిరితిత్తుల ఆరోగ్యంపై రాసే విలేకరులకు శిక్షణ ఇచ్చే ఫెలోషిప్పు ఒకదానికి దరఖాస్తు చేసుకుంటున్నారు. ‘సీనియర్ల లేఖ ఒకటి జతపరచాలట సార్, మీరు రాసివ్వాలి’ అని ఫోను చేశారు. సెంట్రల్ సెక్రటేరియట్ దగ్గర మెట్రో ఎక్కి, పసుపు మార్గం చివరిదాకా వెళ్లాను.

గుర్‌గావ్ పేరును 2016లో గురుగ్రామ్‌గా మార్చారు. ద్రోణాచార్యుల వారి ఊరని ఐతిహ్యం. 2018 సంవత్సరపు లెక్కలతో ఐక్యూఎయిర్ సంస్థ ప్రపంచ నగరాల పట్టిక ప్రకటించినప్పుడు ఈ ఊరిదే ప్రథమ స్థానం. ఘనపు మీటరు గాలిలో సూక్ష్మ ధూళి ఏడాది సగటు 135.8 మైక్రోగ్రాములు. మన ప్రభుత్వం పెట్టుకున్న హద్దు 40. అయినా, 2019 జనవరిలో కేంద్రం ప్రారంభించిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కిందికి వచ్చిన 131 నగరాలలో హర్యానా నుంచి ఫరీదాబాదు ఉన్నది, గురుగ్రామ్ లేదు! గాలిని కొలిచిన పాత లెక్కలను బట్టి జాబితా కట్టారు కనుక, ఆ రోజులలో సరిగా కొలవని ఊరికి అందులో చోటు దక్కలేదు. ఈ సంగతి నాకు చెప్పింది ఆ అమ్మాయే. దశాబ్దాలుగా రాజధానిలో ఉన్న నాకు తెలియదు.

లేఖ రాయడానికి నేను కొంత తటపటాయించిన మాట దాచను. విలేకరి చదువుకు బయటివారు డబ్బు పెట్టడం నా తరంవారికి మింగుడుపడని విషయం. ఇటువంటి ఫెలోషిప్పులు కొత్తవి కావు. చెన్నైలోని ‘రీచ్’ అనే స్వచ్ఛంద సంస్థ దశాబ్దానికి పైగా క్షయవ్యాధిపై రాసే ప్రాంతీయ భాషల విలేకరులకు ఇస్తున్నది. మొదటి సంవత్సరాలలో దీనికి ఎలీ లిల్లీ అనే ఔషధ కంపెనీ భాగస్వామ్యం ఉండేది. మందులకు లొంగని క్షయకు వాడే మందులు తయారుచేసిన కంపెనీ అది. ‘మందు ధర మీద రాయవలసి వస్తే కలం ఆగదా?’ అని అడిగాను.

ఆమె బెడాక్విలిన్ ఉదంతం ఎత్తుకున్నారు. మొండి క్షయకు ప్రాణాధారమైన ఆ మందుపై జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ గుత్తాధిపత్యాన్ని పొడిగించుకోజూస్తే, 2023 మార్చిలో మన పేటెంటు కార్యాలయం తిరస్కరించింది. అభ్యంతరం దాఖలు చేసినవారిలో క్షయను జయించిన మహిళలు ఇద్దరున్నారు. ఒకరు దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమెజా టిసిలె, మరొకరు మన దేశపు పత్రికా రచయిత్రి నందితా వెంకటేశన్. ‘తెలియకపోతేనే కలం ఆగుతుంది సార్, తెలిస్తే ఆగదు’ అన్నారామె. నా సందేహం పూర్తిగా తీరలేదు గాని, సమాధానం తేలికగా కొట్టివేయదగినది కాదు.

ఆపైన నా సొంత తప్పు ఒకటి జ్ఞాపకం వచ్చింది. 2019 అక్టోబరు 30 నుంచి నవంబరు 2 వరకు ఊపిరితిత్తుల ఆరోగ్యంపై 50వ ప్రపంచ మహాసభ హైదరాబాదులో జరిగింది. ఆ రోజులలోనే, నవంబరు 1న, ఢిల్లీ ప్రాంతంలో ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించవలసి వచ్చింది. ఆ తరువాత డిసెంబరు 6న లోక్‌సభలో అప్పటి పర్యావరణ మంత్రి ప్రకాశ్ జావడేకర్, కాలుష్యానికీ ఆయుర్దాయం తగ్గడానికీ సంబంధం ఉన్నట్లు ఏ భారతీయ అధ్యయనమూ చూపలేదని చెప్పారు. ఆ మాటను ఉన్నదున్నట్లు రాసి పంపాను. మరునాడు అచ్చయింది. నా విధి నెరవేరిందనుకున్నాను.

కాగా, అంతకు సరిగ్గా ఏడాది ముందు, 2018 డిసెంబరులో, భారత వైద్య పరిశోధన మండలి మరికొన్ని సంస్థలతో కలిసి చేసిన అధ్యయనం లాన్సెట్ వారి పత్రికలో వెలువడింది. 2017లో దేశంలో 12.4 లక్షల మరణాలను వాయు కాలుష్యానికి ఆపాదించవచ్చుననీ, ఆ కాలుష్యం కనిష్ఠ స్థాయిలో ఉండి ఉంటే సగటు ఆయుర్దాయం 1.7 సంవత్సరాలు ఎక్కువ ఉండేదనీ ఆ అధ్యయనం అంచనా. ఆ మండలి ప్రభుత్వానిదే! మంత్రి మాట పక్కన ఆ ఒక్క వాక్యం చేర్చి ఉంటే పాఠకుడే తీర్పు చెప్పుకొని ఉండేవాడు. నాకు తెలియదు కనుక చేర్చలేదు. ఆ నాటి నా వార్తలో అబద్ధం లేదు, నిజమూ లేదు.

శిక్షణ అంటే ఏమి నేర్పుతారని అడిగితే ఆమె చెప్పినవి మూడు. మొదటిది లెక్క చదవడం. నమోదైన రోగుల సంఖ్య వేరు, నిజంగా జబ్బుపడినవారి అంచనా వేరు. ప్రైవేటు వైద్యులూ క్షయ కేసులను తెలియజేయాలని 2012లో ప్రభుత్వం ఆదేశించిన తరువాత నమోదు పెరుగుతూ వచ్చింది. ఇది మంచి వార్త. తెలియని విలేకరి దానికే ‘క్షయ విజృంభణ’ అని శీర్షిక పెడతాడు. రెండవది మాట. రోగిని ‘సస్పెక్ట్’ అనీ, మందు మానినవారిని ‘డిఫాల్టర్’ అనీ రాస్తూ వచ్చాము. ఒకటి పోలీసు ఠాణా మాట, మరొకటి బ్యాంకు మాట. ఇవి చదివిన రోగి ఆసుపత్రి గడప తొక్కడానికి జంకుతాడు. మూడవది వాగ్దానాన్ని వెంటాడడం. 2025 నాటికి దేశంలో క్షయను అంతం చేస్తామని 2018 మార్చిలో ఢిల్లీ సదస్సులో ప్రధాని ప్రకటించారు. 2015తో పోల్చి కొత్త కేసులను 80 శాతం తగ్గించడం లక్ష్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లక్ష జనాభాకు 237గా ఉన్నవి 2024కు 187 అయినాయి. తగ్గుదల 21 శాతం. ప్రపంచ సగటు కన్న ఇది మెరుగే, లక్ష్యానికి మాత్రం బహుదూరం. ఈ రెండు ముక్కలూ ఒకే వార్తలో రాయగలగడమే విద్య.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం 1915లో వెలసిన నాటినుంచీ తెలుగునాట ఊపిరితిత్తుల జబ్బులకు చరిత్ర ఉన్నది. సింగరేణి బొగ్గు ధూళి, గుంటూరు మిరప యార్డు ఘాటు, క్వారీల రాతిపొడి మనవారి రొమ్ములలోకే పోతున్నవి. వీటిపై రాయగల విలేకరులను తయారుచేసుకునే ఖర్చు తెలుగు పత్రికలే పెట్టుకోవడం న్యాయం. ఎన్నికల పర్యటనలకు కార్లు పంపే యాజమాన్యాలకు ఇది మోయలేని భారం కాదు. అవి పెట్టనంత కాలం మా పిల్లలు బయటి గడపల వద్ద దరఖాస్తులు పట్టుకు నిలబడక తప్పదు.

లేఖ రాసి సంతకం చేశాను. ఒక్క షరతు పెట్టాను: ఆ సహాయంతో రాసే ప్రతి వ్యాసం అడుగున, డబ్బు ఎవరిదో ఒక వాక్యం ఉండాలి. ఆమె వెంటనే ఒప్పుకున్నారు. బయలుదేరబోతుంటే, 2018 నాటి ఆ అధ్యయనం ప్రతిని నా చేతిలో పెట్టారు. వచ్చే సమావేశాలకు అది నా సంచిలో ఉంటుంది.