కోయి చేపల ఆరోగ్యరక్షణ

జపాను దేశమున నీగాటా ప్రాంతపు కొండపల్లెల రైతులు పూర్వము ఆహారమునకై చేపలను పెంచెడివారు. వానిలో అరుదుగా పుట్టిన రంగు చేపలను ఏరి పెంచగా, 19వ శతాబ్దమున కోయి చేపలు ఏర్పడెను. నేడవి అనేక దేశములలో ఉద్యానముల కొలనులకు అలంకారములు.

చేపకు నీరే ఇల్లు, నీరే ఊపిరి. చేపల మలినముల వలనను, మిగిలిన మేత కుళ్లుట వలనను నీటిలో అమోనియా పెరిగి మొప్పలను చెరచును. నీరసించిన చేపను రోగక్రిములు సులభముగా పట్టుకొనును. కావున మితముగా మేత వేసి, నీటిని వడపోయుచు, కొంతకొంతగా మార్చుచుండవలెను.

చేప ఒడలిపై ఉప్పుగింజల వంటి తెల్లని చుక్కలు కనిపించినచో అది తెల్లచుక్కల వ్యాధి. ఆ క్రిమి చర్మము క్రింద దాగియున్నంతవరకు మందు దానిని చేరజాలదు. నీటిలోనికి వెలువడినపుడే నశించును. అందుచే చుక్కలు మాయమైన వెంటనే చికిత్స మానరాదు.

కోయి హెర్పిస్ వైరస్ వ్యాధికి మాత్రము మందు లేదు. 2003లో జపానునందలి కసుమిగౌరా సరస్సున దీనిచే వేయి టన్నులకు పైగా పెంపుడు చేపలు చచ్చెను. బ్రతికిన చేపయు రోగమును ఇతర చేపలకు అంటింపవచ్చును. కావున క్రొత్త చేపను కొన్ని వారములు వేరు తొట్టిలో ఉంచి గమనింపవలెను. ఆ నీరు సుమారు 24 డిగ్రీల వెచ్చదనము కలిగియుండవలెను. మిక్కిలి చల్లని నీటిలో ఈ రోగము బయటపడదు. దానికి వాడిన వలను కొలనులో ముంచరాదు.

చేప తన బాధను చెప్పుకొనలేదు. నోరులేని ప్రాణిని పెంచువాడు దానికొరకు అనుదినము కన్నులు తెరచియుండవలెను.