ట్రాక్టరు ఎంతటిది కావలెను?



నేను హైదరాబాదు నగరమున చిక్కడపల్లియందు నివసించువాడను. మాకొక ప్రక్క నారాయణగూడ, మరియొక ప్రక్క అశోకనగరు. ఇచట ఇండ్లు భుజములు రాచుకొని నిలిచియుండును. వాకిట తులసికోటకు స్థలము చాలక మేడమీద పెట్టుకొన్నవారము మేము. ఇట్టివాడు ట్రాక్టరును గూర్చి మాటాడబూనుట యేమని మీరు నవ్వవచ్చును. ముప్పది యేండ్లు యంత్రవిద్య బోధించి విశ్రాంతి గైకొన్నవాడనే గాని, ఈ ప్రసంగమునకు నాకర్హత నిచ్చినది ఆ బోధన కాదు. నేను చేసిన యొక తప్పు.

నా తమ్మునికి నల్లగొండ జిల్లాలో 7 ఎకరముల బత్తాయితోటయు, 2 ఎకరముల వరిమడియు నుండెను. 2013వ సంవత్సరమున నతడు మా యింటికి వచ్చి, "అన్నా, ఎడ్లు ముసలివైనవి, జీతగాడు దొరకుట లేదు. ట్రాక్టరు కొనదలచితిని. ఎంతటిది కొనుమందువు?" అని యడిగెను. నేను తోట చూడకయే, కొలత వేయకయే, "శక్తి యెక్కువ యున్న నష్టమేమున్నది? 50 అశ్వశక్తుల బండి కొనుము" అంటిని. నా మాట వేదవాక్యమని నమ్మి యతడు బ్యాంకులో భూమి కుదువబెట్టి కొనెను.

ఆ బండి తోటలోనికి పోయిన నాడెల్ల కొమ్మలు విరిగెను. బత్తాయి వేళ్లు నేలకు దగ్గరగా పరచుకొనియుండును గదా! పెద్దనాగలి వానిని కోసివేసెను. బరువైన చక్రములు నడచిన చాళ్లలో నేల గట్టిపడి నీరింకుట మానెను. 7 ఎకరములలో దానికి ఏడాదికి పట్టుమని పది దినముల పని లేదు. కిస్తీ మాత్రము ఆరు నెలల కొకమారు తప్పక వచ్చుచుండెను. 2016లో బండి నమ్మినను అప్పు తీరలేదు. తీర్చుటకు ఒక యెకరము వరిమడి యమ్మవలసివచ్చెను. తమ్ముడు నన్ను పల్లెత్తు మాట యనలేదు. అదియే నాకు నేటికిని బాధ.

గడచిన యేడాది అతడు మరల అదే ప్రశ్నతో వచ్చెను. అదే మాసమున అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున నున్న అతని కుమారుడు ఫోను చేసి, "పెద్దనాయనా, ఇంటి చుట్టు 2 ఎకరముల గడ్డి యున్నది. వేసవిలో దానిని కోయవలెను, శీతకాలమున దారిమీది మంచు త్రోయవలెను. ఏ పరిమాణపు ట్రాక్టరు తీసికొందును?" అని యడిగెను. తండ్రికి ఎండలో, కొడుకునకు మంచులో ఒకటే సమస్య. ఈ మారు నేను నోటిమాట చెప్పదలచుకొనలేదు. తమ్ముని రెండు దినములు మా యింట నిలుపుకొని, ఉదయము ఇందిరా పార్కులో నడచుచు, పగలు చిక్కడపల్లి గ్రంథాలయమున పరీక్షలకు చదువుకొను పిల్లల నడుమ కూర్చుండి, కాగితము మీద లెక్క వేసితిమి. ఆ లెక్కయే నేడు మీకు విన్నవించుచున్నాను.

మొదటిది, అశ్వశక్తి యనగా నేమి? ఆవిరియంత్రములను బాగుచేసిన జేమ్స్ వాట్ అను నాతడు తన యంత్రము ఎన్ని గుఱ్ఱముల పని చేయునో కొనువారికి తెలుపుటకై ఈ కొలతను పెట్టెను. అది నేటి లెక్కకు 746 వాట్లు. మన యెద్దుల జత నిలుకడగా చేయు పని ఇంచుమించు ఒక అశ్వశక్తి. కాబట్టి 20 అశ్వశక్తుల చిన్నబండి యనగా ఇరువది జతల యెడ్లని మురియుదుము. అయితే ఆ శక్తి యంతయు నాగలిని చేరదు. ఇంజనునుండి వెనుకనుండు తిరుగుడు ఇరుసునకు వచ్చుసరికే ఎనిమిదింట నొకవంతు తరుగును. చక్రము గట్టినేలపై లాగునపుడు ఇంకను తరుగును. దున్నిన మెత్తని నేలలో సగము మిగిలిన గొప్ప. బురదలో అదియు మిగులదు. కనుక ఇంజనుపై వ్రాసిన సంఖ్యను చూచి కొనుట, ధాన్యమును పొట్టుతో తూచి బియ్యమని లెక్కించుటవంటిది.

రెండవది, పనిముట్టు వెడల్పు. బండిని గాక ముందు పనిముట్టును ఎన్నుకొనవలెను. నేలను చిలుకు రోటవేటరునకు అడుగు వెడల్పునకు 7, 8 అశ్వశక్తులును, వరుసల నడుమ గడ్డి కోయు యంత్రమునకు అడుగునకు సుమారు 5 అశ్వశక్తులును కావలసియుండును. 3 అడుగుల రోటవేటరునకు, 4 అడుగుల గడ్డికోతకు 20 మొదలు 24 అశ్వశక్తులు చాలును. 5 అడుగుల రోటవేటరు కావలెనన్న 35, 40 లేనిదే నడువదు.

ఇక తోటలో ఎంత వెడల్పు పట్టును? ఇది బజారులో తెలియదు, తోటలోనే తెలియును. తమ్ముడు చెట్టుకు చెట్టుకు 20 అడుగులు విడిచి నాటెను. కాపు మీదనున్న చెట్ల కొమ్మలు ఇరువైపుల కమ్ముకొనగా నడుమ మిగిలినది 7 అడుగులు మాత్రమే. అందులో పెద్దబండి దూరుటయే కష్టము, మలుపుట అసాధ్యము. 15 అశ్వశక్తుల మహీంద్రా యువరాజ్ 215, 24 అశ్వశక్తుల కుబోటా నియోస్టార్ బీ2441 మొదలగు చిన్నజాతి బండ్లు ఇట్టి వరుసలలో సులువుగా పోగలవు. మీరును కొమ్మలు బరువుగా వ్రాలియున్న కాలమున, కాయ నిండుగా నున్నపుడు కొలువుడు. ఎండకాలపు కొలత మోసము చేయును.

మూడవది, గంటల లెక్క. బండి గంటకు 3 కిలోమీటరులు, అనగా సుమారు 10 వేల అడుగులు నడచుననుకొందము. 3 అడుగుల పనిముట్టు గంటకు 30 వేల చదరపుటడుగులు చేయవలెను. మలుపులకు, ఆగుటలకు ఐదవవంతు తీసివేసిన 24 వేలు. ఎకరము 43,560 చదరపుటడుగులు గనుక ఎకరమునకు ఇంచుమించు గంటా యేబది నిమిషములు. 5 అడుగుల పనిముట్టునకు గంటకు పైన ఐదు నిమిషములు. పెద్దది వేగిరము చేయుననుట నిజమే. కాని 7 ఎకరముల తోటలో నొక తడవకు మిగులునది ఐదారు గంటలు. ఏడాదికి నాలుగు తడవలైనను ఇరువదినాలుగు గంటలు దాటదు. ఆ గంటలకై పెద్ద కిస్తీ కట్టవలెనా? అప్పుచేసి పప్పుకూడు తినుట యన నిదియే గదా!

డీజిలు లెక్కయు నిట్లే. పూర్తి భారముమీద నొక్కొక్క అశ్వశక్తికి గంటకు లీటరులో నైదవవంతు ఖర్చగును. 20 అశ్వశక్తులకు 4 లీటరులు, 45కు 9 లీటరులు. పెద్దబండి చేత చిన్నపని చేయించిన అంత త్రాగదు గాని, తన బరువును మోయుటకు ఊరకనే కొంత త్రాగును.

నాలుగవది బరువు. ఇది చాలమంది మరచునది. తోటకు తేలికబండి మేలు. కాని లాగుడు పనికి బరువు లేనిచో చక్రము గిరగిర తిరుగును గాని బండి కదలదు. పూర్వము బరువైన ఇనుపబండ్లే దున్నగలవని నమ్మిరి. హారీ ఫెర్గూసన్ అను నాతడు నాగలిని మూడు కడ్డీలతో బండికి బిగించి, నేల నాగలిని లాగు బలమే వెనుకచక్రములను నేలకు నొక్కునట్లు చేసెను. 1939లో ఫోర్డు కంపెనీ ఆ యేర్పాటుతో చిన్నట్రాక్టరును విరివిగా చేయసాగెను. నేడు మీరు చూచు ప్రతి ట్రాక్టరు వెనుకను ఆ మూడు కడ్డీలే యున్నవి. చిన్నబండి పెద్దపని చేయగలుగుట దాని చలువయే.

మా అబ్బాయి సంగతి యిచట చెప్పవలెను. మిషిగనులో పడు మంచు మన యెడల తెల్లవారుజామున ఆకులపై కనబడునది కాదు, మోకాలిలోతున పేరుకొనునది. దూదివలె రాలినపుడు ఘనపుటడుగు 3, 4 పౌనులుండును; తడిసి బిగిసినచో 20 పౌనులు తూగును. వాని యింటినుండి రోడ్డునకు దారి 150 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. దానిపై అరయడుగు తడిమంచు పడిన 900 ఘనపుటడుగులు, 18 వేల పౌనులు. అనగా 8 టన్నులకు మించిన బరువు. కోడలు ఆస్పత్రిలో నర్సు. తెల్లవారుజామున నైదు గంటలకు ఆ దారి తెరువబడనిచో ఆమె పనిచేయు వార్డులో రాత్రియంతయు మేలుకొన్న నర్సునకు విడుదల లేదు.

వాడు మొదట నొక గడ్డికోత బండిని చూచెను. దానిపై 24 అశ్వశక్తులని వ్రాసియున్నది. పొలములకు వాడు చిన్న డీజిలు ట్రాక్టరు మీదను 24 అశ్వశక్తులే. వెలలో మాత్రము ఎన్నో రెట్లు భేదము. "పెద్దనాయనా, శక్తి సమానమైనపుడు ఖరీదైనది యేల?" అని యడిగెను. "నాయనా, రెండింటిని తూచి చూడుము" అంటిని. గడ్డిబండి 500 పౌనులు. డీజిలుది దానికి మూడింతలు. మొదటిది చదునైన పచ్చికపై తిరుగుటకు చేయబడినది. దాని గేర్లు మంచును త్రోయు భారమునకు వేడెక్కి చెడును. రెండవది నాలుగు చక్రములతో నేలను పట్టును. మిక్కిలి పెద్దది కొన్నచో వసంతకాలపు తడినేలపై గాళ్లు పడి పచ్చిక పాడగును. కనుక వాడు 5 అడుగుల గడ్డికోత పళ్లెము క్రింద నమర్చుటకును, మంచును ఎగజిమ్ము యంత్రమును ముందు తగిలించుటకును వీలైన చిన్న డీజిలు బండిని, వెనుకచక్రములకు ఇనుప గొలుసులతోగూడ తీసికొనెను. సంఖ్య ఒకటే యైనను ఎముకలు వేరని యిందువలన తెలియును.

ఐదవది ప్రాణరక్షణ. దీనిని చివర చెప్పుచున్నాను గాని ఇదియే మొదటిది. 2015లో తమ్ముని పెద్దబండితో ఎండిన చెట్టు మొద్దును పెరుకబోయిరి. నడుపు కుఱ్ఱవాడు గొలుసును క్రిందికొక్కెమునకు గాక పైకడ్డీకి కట్టెను. మొద్దు కదలలేదు, బండి ముందుచక్రములు గాలిలోకి లేచెను. కుఱ్ఱవాడు ప్రక్కకు దుమికినందున బ్రతికెను. అది తలక్రిందగుటకు కనురెప్పపాటు కాలము కూడ పట్టదు. లాగుటకు గొలుసును ఎల్లపుడు ఇరుసుకంటె క్రిందనే కట్టవలెను. చెరువుకట్ట యంచున, కాలువగట్టున మలుపరాదు. మడ్డుగార్డుపై పిల్లలను కూర్చుండబెట్టరాదు. సీటు వెనుక ఇనుపకమ్మియు, నడుపువానికి నడుము పట్టీయు నుండవలెను. స్వీడను దేశమున 1959 మొదలు క్రొత్త ట్రాక్టరులకన్నిటికి అట్టి రక్షణ తప్పనిసరి చేసిన పిమ్మట బోల్తాపడి చచ్చువారి సంఖ్య మిక్కిలి తగ్గెను. కొన్ని వేల రూపాయలు మిగులునని ఈ కమ్మిని వద్దనకుడు.

ఇక కొనుటకు ముందు చూడవలసినది: అమ్మువాని మాటకంటె పరీక్షనివేదిక మేలు. మధ్యప్రదేశమున బుద్నీయందును, అనంతపురము జిల్లా గార్లదిన్నెయందును కేంద్రప్రభుత్వపు వ్యవసాయ యంత్రపరీక్షా శిక్షణసంస్థలు గలవు. గార్లదిన్నెలో రైతులకును, వారి పిల్లలకును ట్రాక్టరు నడుపుట, బాగుచేయుట నేర్పుదురు. బండి కొనుటకంటె ముందు ఇంటినుండి యొకనిని అచటికి పంపుట లాభము. అమ్మువారిని మీ తోటకే బండి తెచ్చి, మీ నేలలో, మీ వరుసలలో ఒక గంట దున్ని చూపుమనుడు. తేనొల్లనివాని వద్ద కొనవద్దు. మరమ్మతు చేయు మేస్త్రీ ఎంత దూరమున నున్నాడో, విడిభాగములు ఎన్ని దినములలో వచ్చునో విచారింపుడు.

మరియొక సలహా. ఏడాదికి రెండుమారులు వచ్చు పెద్దపనికై పెద్దబండిని కొనకుడు; దానిని బాడుగకు తెచ్చుకొనుడు. నిత్యము వచ్చు చిన్నపనికి చిన్నబండిని సొంతము చేసికొనుడు. మా తమ్ముడు అట్లే చేసెను. 24 అశ్వశక్తుల నాలుగుచక్రముల బండిని గడ్డికోత యంత్రముతో తీసికొనెను. వరుసల నడుమ దున్నుట చాలవరకు మాని, గడ్డిని కోసి చెట్లమొదళ్లలో పరచుచున్నాడు. తేమ నిలుచుచున్నది, వేళ్లు తెగుట లేదు. మిగిలిన యెకరము వరిమడిని దమ్ము చేయుటకు ఇనుపచక్రముల పెద్దబండిని బాడుగకు పిలుచుకొనును.

మొన్న నేనా తోటకు పోయితిని. 2014లో విరిగిన కొమ్మల గుర్తులు చెట్లపై నింకను కనబడుచున్నవి. తమ్ముడు వానిని చూపక, క్రొత్త చిగుళ్లను మాత్రము చూపెను.

దుక్కికొలది పంట యని పెద్దలందురు. దుక్కికొలది బండియని నేను చేర్చుకొంటిని. మీ యూర నెవడైన యువకుడు పెద్దబండి కొందునని మీ సలహాకు వచ్చినచో, నావలె తొందరపడి నోటిమాట చెప్పకుడు. టేపు చేతబట్టి వానితో తోటకు నడువుడు.

సెలవు.